ఆళ్లగడ్డలో అరబ్బీ క్లాసు

అరబ్బీ నేర్పిస్తానని నేను బోర్డు రాయించినప్పుడు మొట్టమొదట నవ్వింది మా ఇంటావిడ. "పదకొండేండ్లు కారు తోలి వచ్చినావ్. ఇప్పుడు పంతులయితావా?" అంది. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ కాబట్టి ఆ ఎగతాళి అసలు భాషలో ఇంకా ఘాటుగా ఉండింది. పెయింటరు ఆమెను మించినవాడు. "అరబ్బీ మాట్లాడటం నేర్పబడును" అని మాత్రమే రాయమన్నాను. కింద కొంచెం ఖాళీ మిగిలిందని "నెల రోజుల్లో గ్యారంటీ" అని సొంతంగా రాసేశాడు. చెరిపించాలంటే మళ్లీ వాణ్ణే బతిమాలాలి. ఆ గ్యారంటీ ఏడేళ్లు నా నెత్తిమీద అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు బోర్డు లేదు, క్లాసూ లేదు. గొంతు మొండికేసింది, మానేశాను. కానీ నంద్యాల బస్సుల్లో చెవుల్లో తీగలు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ జర్మనో జపనీసో వల్లె వేసుకునే పిల్లలను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వాళ్ల పక్కన కూర్చుని నా బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలనిపిస్తుంది. చెవుల్లో తీగలుంటాయి కదా, వినరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అరబ్బీ ఎట్లాంటిదో చెప్పాలి. చిన్నప్పుడు మసీదులో హజరత్ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చదవడం వచ్చు, అర్థం తెలీదు. ముప్పై నాలుగో ఏట లారీ స్టీరింగు వదిలి కువైట్ విమానం ఎక్కినప్పుడు, ఆ చదువు చాల్లే అనుకున్నాను. నాకు డ్రైవర్ పని ఇచ్చిన ఇంట్లో మొదటి వారమే ఆ భ్రమ తీరింది.

అక్కడ "అబీ" అంటే "నాకు కావాలి" అని. మా ఉర్దూలో "అభీ" అంటే "ఇప్పుడే". ఇంటి యజమాని "అబీ చాయ్" అంటే, టీ ఇప్పుడే కావాలంటున్నాడనుకుని వంటింటికి పరిగెత్తేవాణ్ణి. ఏ అర్థంలో తీసుకున్నా టీయే కాబట్టి గండం గడిచింది. చిక్కంతా "మా అబీ" దగ్గర వచ్చింది. దానికి అర్థం "నాకొద్దు". నేను "మా... అభీ", అంటే "అమ్మకు ఇప్పుడే" అనుకున్నాను. ఆయన టీ వద్దన్నప్పుడల్లా ఒక కప్పు లోపల ఉన్న ఆయన తల్లికి పంపించేవాణ్ణి. ఆ ముసలామె నాలుగు రోజులు తాగి, ఐదో రోజు కొడుకును పిలిచి, "ఈ కొత్త డ్రైవరుకు నా మీద ఇంత ప్రేమ ఏమిట్రా?" అని అడిగిందట.

అన్నాన్ని అక్కడ "ఏష్" అంటారు. వంటామె "ఏష్ కావాలా?" అని అడిగితే, మా భాషలో ఐష్ అంటే జల్సా కదా, "నేను అట్లాంటివాణ్ణి కాదు తల్లీ" అని చేతులు జోడించి ఆ పూట పస్తున్నాను.

నాకు మాటలు నేర్పింది ఆ ఇంటి పిల్లలు. రోజూ బడికి దింపి తీసుకొచ్చేవాణ్ణి. వెనక సీట్లో ఆరేళ్ల పాప కిటికీలోంచి ఒక్కొక్కటే చూపించి పేరు చెప్పేది. నేను తప్పు పలికితే నా సీటును కాలితో తన్నేది. అట్లా తన్నులు తిని నేర్చుకున్న భాష బాగానే పట్టుబడింది గానీ, అది అచ్చంగా ఆరేళ్ల పాప భాష. ఒకరోజు పెద్దమనుషులు పదిమంది కూర్చున్న చోటికి వెళ్లి కారులో పెట్రోలు అయిపోయిందని చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనన్నది వాళ్లకు "కారుకు ఆకలేస్తాంది, బువ్వ పెట్టండి" అన్నట్టు వినిపించిందట.

సరే, ఇంత పాండిత్యంతో తిరిగొచ్చి బడి పెట్టాను. పొద్దున నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో ఒక క్లాసు. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆళ్లగడ్డలో ఇంకొకటి. అక్కడ దొరికిన గది రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు పక్కనే ఉండింది. ఒకవైపు ఉలి దెబ్బలు, ఇంకోవైపు గ్రైండరు గీ పెట్టడం. నేను అరిచి చెప్పేవాణ్ణి, వాళ్లు అరిచి అప్పజెప్పేవాళ్లు. కొన్నాళ్లకు కువైట్ నుంచి ఒక పాత విద్యార్థి ఫోన్ చేసి, "సార్, ఆళ్లగడ్డ నుంచి వచ్చినోళ్లంతా ఎందుకప్పా ఇట్ల అరుస్తారని ఈడ అడుగుతాండారు" అన్నాడు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా డ్రైవర్లు, వంటమనుషులు, ఇంటిపనికి పోయే ఆడవాళ్లు. నంద్యాలలో ఒక ఏజెంటు ఉండేవాడు. మనుషులను విదేశాలకు పంపే పని. ఆయనే చాలామందిని నా క్లాసుకు పంపేవాడు. నేను పద్నాలుగు పేజీలు జెరాక్స్ తీయించి ఒక పుస్తకం కుట్టాను. మొదటి పేజీలో మొదటి మాట "హాదిర్". అంటే "చిత్తం, ఇదిగో ఉన్నాను" అని. దాని తరువాత "వస్తున్నా", "అయిపోయింది", "ఇప్పుడే చేస్తా", "క్షమించండి". నా పుస్తకం మీద నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ గర్వం ఉన్న రోజుల్లోనే ఆమె వచ్చింది. రుద్రవరంలో బస్సులు ఆగేచోట ఉగ్గాని, బజ్జీలు, దోసెలు వేసి అమ్మేది. నలభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏండ్లయింది, కూతురు నర్సింగు చదువుతోంది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అంతే. పొద్దున టిఫిను బండి ముగించుకుని ఆటో ఎక్కి క్లాసుకు వచ్చేది. చీరకు నూనె వాసన, చేతికి పిండి.

"ఈ వయసులో యాడికో పోయి పని చేయాల్నని ఎందుకనిపించిందమ్మా?" అని అడిగాను.

"పొద్దన్నుంచి పొయ్యికాడ నిలబడేదే గదా సార్. ఈడ నిలబడితే ఏంది, ఆడ నిలబడితే ఏంది? ఆడైతే నా బిడ్డ చదువు నిలబడ్తాది," అంది.

పుస్తకం చేతికిస్తే రెండు పేజీలు తిప్పి, మూసి, ఒళ్లో పెట్టుకుంది. "ఈ కాగితం నాతో మాట్లాడ్తాదా?" అంది. మిగతావాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆమె ఊరికే అనలేదు. ఆ రోజే తన పద్ధతి మొదలుపెట్టింది. తనను దోసెలమ్మ అనుకోవాలి, అది పెద్ద కష్టం కాదు. మిగతావాళ్లంతా బస్సు దిగిన గిరాకీలు. అరబ్బీలో అడిగితేనే టిఫిను. ఒకడు "అబీ దోసె" అంటే, "ఎన్ని? వేడిగా కావాల్నా? కారం ఎక్కువా తక్కువా?" అని అరబ్బీలో అడిగేది. ఆ మాటలు తెలియకపోతే నా వైపు తిరిగి, "సార్, కారానికి ఏమంటారు?" అనేది. నేను పుస్తకం పక్కన పెట్టి జవాబులు చెప్పడానికే సరిపోయేది. నిజం చెప్పాలంటే, నెల రోజుల్లో వస్తుందని పెయింటరు ఇచ్చిన గ్యారంటీ ఆ బ్యాచ్‌లోనే మొదటిసారి నిజమయ్యేట్టు కనిపించింది.

మూడో వారంలో ఒకరోజు ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఇంకా గుర్తు.

"కాళ్లు నొస్తాండాయి అనేదానికి ఏమంటారు సార్?"

చెప్పాను.

"నా ఫోను నాకాడనే ఉండల్ల అనాలంటే?"

కొంచెం ఆలోచించి చెప్పాను.

"ఇది నాకు చేతగాదు అనాలంటే?"

నేను ఆగిపోయాను. "అట్లాంటి మాట ఎందుకమ్మా?"

"ఎందుకేంది సార్? చేతగాంది చెప్పకపోతే మీదేసుకోని చేయాల్నా?"

"మా అగ్దర్," అన్నాను మెల్లగా. ఉలి దెబ్బల్లో వినపడలేదు. "గట్టిగా చెప్పు సార్," అని ఆమే అరిచింది. చెప్పాను. గదిలో పదిమందీ ఒక్క గొంతుతో "మా అగ్దర్" అని అరిచారు. పక్క షెడ్డులో శిల్పి ఉలి ఆపి తలుపు దగ్గరికి వచ్చి, "ఏంది భాయ్, కొట్లాటనా?" అని తొంగిచూశాడు.

ఆ మాట నా పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదని ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఊరుకున్నాను.

తరువాతి వారం ఏజెంటు కబురు చేశాడు. కువైట్‌లో ఒక ఇంటికి మనిషి కావాలి, ఇంటి మేడమ్ వీడియో కాల్‌లో ముగ్గురిని చూసి ఒకరిని ఎంచుకుంటుంది, నువ్వు పక్కన కూర్చుని మాట సాయం చెయ్యి అన్నాడు. ముగ్గురూ నా క్లాసువాళ్లే. అందులో మా దోసెలమ్మ ఒకతె.

ఏజెంటు ఆఫీసు నంద్యాలలో ఒక సెల్‌ఫోన్ల షాపు మీద ఉండేది. ముగ్గురినీ కూర్చోబెట్టి ఆయన ఒకే ఒక పాఠం చెప్పాడు. "ఆమె ఏం అడిగినా హాదిర్ అనండి. నవ్వుతా చెప్పండి. అంతకుమించి నోరు తెరవొద్దు." నా పుస్తకం మొదటి పేజీయే ఆయన నోట్లోంచి వస్తుంటే నాకు సంతోషంగా కూడా అనిపించింది.

మొదటి ఇద్దరూ చెప్పినట్టే చేశారు. వంట? హాదిర్. పిల్లలు? హాదిర్. బట్టలు? హాదిర్. మేడమ్ మర్యాదగానే మాట్లాడుతోంది గానీ, ఆమె ముఖంలో ఏ తేడా లేదు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు.

మూడో మనిషి కుర్చీలో కూర్చుని, చీర కొంగు సర్దుకుని, ఫోను కేసి చూసి తనే ముందు సలాం చెప్పింది. పేరు అడిగితే చెప్పి, ఎదురు మేడమ్ పేరు అడిగింది. ఏజెంటు నా వైపు చూశాడు. వంట వచ్చా అంటే వచ్చు అంది. మా అమ్మ పెద్దది, లేపి కూర్చోబెట్టాలి, చూసుకోగలవా అంటే, చూసుకుంటాను అంది. ముగ్గురు పిల్లలు అంటే, మంచిది అంది. పొద్దున్నే రెండు కార్లు కడగాలి అంటే, ఒక్క క్షణం ఆలోచించి, "మా అగ్దర్," అంది.

"ఏమిటీ?" అంది మేడమ్.

"వంట, నీ తల్లి, ముగ్గురు పిల్లలు. కార్లు గూడా అంటే మా అగ్దర్." వచ్చిన మాటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ, తొందరపడకుండా చెప్పింది. తరువాత, శుక్రవారం కొంచెం విశ్రాంతి కావాలి, ఫోను నా దగ్గరే ఉండాలి అని కూడా చెప్పింది. అన్నీ నేను నేర్పిన మాటలే.

ఏజెంటు బల్ల కింద నా కాలు తొక్కాడు. "భాయ్, తప్పు మాట్లాడింది అని చెప్పు. బేగా చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

పిల్లలూ, ఇక్కడ నేను ధైర్యంగా ఏదో అన్నానని రాసుకోవచ్చు. మీలో ఎవరూ అక్కడ లేరు కదా. కానీ జరిగింది ఇది. నేను ఫోను వైపు వంగి, నా ఆరేళ్ల పాప అరబ్బీలో, "మేడమ్, ఈమెకు భాష ఇంకా సరిగా రాదు. అన్నీ చేస్తానని ఆమె ఉద్దేశం," అని చెప్పాను.

దోసెలమ్మ తల తిప్పి నా వైపు చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. తూకంలో తేడా కనిపెట్టినప్పుడు అంగడిమనిషి వైపు చూసినట్టు చూసింది. తరువాత తెలుగులో కాదు, అరబ్బీలోనే నాతో అంది:

"లా, ఉస్తాద్. అనా గిల్త్ మా అగ్దర్."

లేదు గురువుగారూ, నేను చేతకాదనే అన్నాను అని. "గిల్త్", అంటే "అన్నాను" అనే మాట నేను ఆ బ్యాచ్‌కు నేర్పనే లేదు. జరిగిపోయినదాన్ని చెప్పే మాటలు ఐదో వారంలో వస్తాయి. కువైట్ ఆడవాళ్ల వంట వీడియోలు ఫోనులో పెట్టుకుని దోసెలు పోస్తూ పట్టుకుందని తరువాత తెలిసింది.

సిగ్గు ఎంత వేసిందో, మా క్లాసు మనిషి అంత చక్కటి వాక్యం పలికిందన్న సంబరమూ అంతే వేసింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఏజెంటును అడగాలి. ఆయనే చూశాడు.

అంతలో ఫోనులోంచి ఎవరో గట్టిగా నవ్వడం వినిపించింది. మేడమ్ కాదు, వెనక మంచం మీదున్న ముసలామె. "ఎవరే అది? ఫోను ఇటు తే," అంటోంది. ముడతల ముఖమొకటి తెరంతా నిండింది. ఏం వండుతావు అని అడిగింది. మా దోసెలమ్మకు దోసెకు అరబ్బీ మాట దొరకలేదు. చేత్తో గాలిలో గుండ్రంగా తిప్పి, పెనం మీద పడ్డ శబ్దం నోటితో చేసి చూపించింది. ముసలామె మళ్లీ నవ్వింది. తరువాత చెప్తామని మేడమ్ కాల్ కట్ చేసింది.

ఏజెంటు మా ఇద్దరినీ మెట్ల దాకా తిట్టుకుంటూ వచ్చాడు. "ఇంక నీ క్లాసుకు ఒక్కరిని పంపితే నా పేరు మార్చుకుంటా భాయ్. ఏం నేర్పినావప్పా నువ్వు!" అన్నాడు. మిగతా ఇద్దరూ మాకు కొంచెం దూరంగా జరిగి నిలబడ్డారు.

కింద హోటల్లో ఆమెకు టీ చెప్పాను.

"నువ్వు చెప్పింది నాకు అర్థమయింది సార్," అంది. "అర్థం గాకపోయింటే బాగుండు."

"తప్పయిపోయిందమ్మా."

"ఆ ఏజెంటు యప్పకు భయపడినావా?"

"భయం కాదు. అలవాటు." నేను గ్లాసు కేసి చూస్తూ చెప్పాను. "పదకొండేండ్లు ఆడ ఉన్నా. జ్వరంతో గూడా కారు తోలినా. మా అగ్దర్ అని ఒక్కతూరి అనలేదు."

"ఒక్కతూరి గూడానా?"

"ఒక్కతూరి గూడా."

"ఆ ఇంటోళ్లు అంత చెడ్డోళ్లా?"

చెడ్డవాళ్లు కాదు. జ్వరమని చెప్పి ఉంటే, పడుకోమనే అనేవాళ్లేమో. నేను అడిగి చూడలేదు.

"మరి ఆ మాట నీకెట్ల తెలుసు సార్?"

"పిల్లలు అంటుంటే విన్నా. హోంవర్కు చేయమంటే అనేటోళ్లు."

ఆమెకు నవ్వు ఆగలేదు. టీ పొలమారింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను గానీ, నాది కొంచెం ఆలస్యంగా వచ్చింది. లేచేటప్పుడు ఆమె, "రేపు క్లాసు ఉంది గదా?" అంది. ఉంది అన్నాను. "అయితే వస్తా. ఆ గిల్త్ అనే మాట అందరికీ నేర్పు సార్. బలే పనికొస్తాది," అని బస్టాండు వైపు నడిచింది.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. ఏజెంటు అన్నంత పనీ చేశాడు, కొత్తవాళ్లను పంపలేదు. ఆళ్లగడ్డ క్లాసు పదిమంది నుంచి నలుగురికి దిగింది. ఆ నలుగురిలో ఆమె ఒకతె. ఆమె ముఖం చూసినప్పుడల్లా, నా మూలంగానే పని పోయిందేమో అనిపించేది. ఆమె మాత్రం మామూలుగానే గిరాకీలను నిలబెట్టి కారం ఎక్కువా తక్కువా అని అడుగుతూనే ఉంది.

పదో రోజు ఏజెంటే ఫోన్ చేశాడు. గొంతులో చక్కెర పాకం. "భాయ్, మన రుద్రవరం ఆమెను తీసుకున్నారు!"

నేను నమ్మలేదు. ఆ మేడమ్ నంబరు అడిగి తీసుకుని నేనే ఫోన్ చేశాను. ముందు ఆ రోజు నేను చెప్పింది తప్పని, ఆమె అన్నదే నిజమని చెప్పుకున్నాను. "నాకు అప్పుడే తెలుసు," అంది మేడమ్. "మా అమ్మ రోజంతా ఒక్కతే పడుకుని ఉంటుంది. మేమంతా పనులకు పోతాం. ఏం అడిగినా హాదిర్ అనే మనిషితో మా అమ్మ ఏం మాట్లాడుతుంది? ఈమె అయితే జవాబిస్తుంది. జవాబిచ్చే మనిషే కావాలని మా అమ్మ పట్టుబట్టింది." కార్లు కడగడానికి వేరే మనిషి ఉన్నాడట. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు ఒప్పుకున్నారు. ఫోను సంగతి అసలు గొడవే కాలేదు.

ఆమె వెళ్లిన రోజు నేను జెరాక్స్ షాపుకు వెళ్లి పుస్తకం మళ్లీ కుట్టించాను. మొదటి పేజీలో ఆమె అడిగిన మూడు మాటలు పెట్టాను. హాదిర్‌ను తీసెయ్యలేదు, అది మంచి మాటే. ఆరో పేజీకి పంపాను. ఏజెంటు ఆ కొత్త పుస్తకం చూసి గొణిగాడు గానీ, మనుషులను మళ్లీ పంపసాగాడు. "మా దగ్గర బాగా మాట్లాడేటోళ్లు దొరుకుతారు" అని కువైట్ వాళ్లకు చెప్పుకుంటున్నాడని విన్నాను.

రెండేళ్లకు ఆమె సెలవు మీద వచ్చింది. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆళ్లగడ్డ క్లాసులోకి వచ్చి నిలబడింది. ఒళ్లు కొంచెం వచ్చింది, చీరకు నూనె వాసన లేదు. ఖర్జూరాల పొట్లం అందరికీ పంచింది. పిల్ల ఆఖరి సంవత్సరం చదువుతోందని చెప్పింది. కొత్త బ్యాచ్‌వాళ్లు ఆమెను కళ్లప్పగించి చూస్తున్నారు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెర మీద ఆ ముసలామె. ఇంకేముంది, ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. ఆమె తిడుతోందా, ఈమె బుజ్జగిస్తోందా, లేక ఈమె తిడితే ఆమె బుజ్జగిస్తోందా, ఏమీ తెలియదు. మధ్యలో ఇద్దరూ పడీపడీ నవ్వారు. అది ముసలివాళ్ల అరబ్బీ, ఇంటి లోపలి అరబ్బీ, నా కారు వెనక సీటు దాకా ఎప్పుడూ రానిది. నాకు అక్కడొకటీ ఇక్కడొకటీ, నాలుగు మాటలు దొరికాయేమో.

ముందు వరుసలో ఒక డ్రైవరు నా వైపు వంగి, "సార్, ఏమంటాండారు వాళ్లు?" అని అడిగాడు.

ఏడేళ్లలో ఏ విద్యార్థికీ ఇవ్వని జవాబు ఇచ్చాను. "నాకు తెల్దప్పా. ఆమెనే అడుగుదాం."

ఆమె ఫోను పెట్టేసి, ఏమైంది అన్నట్టు మా వైపు చూసింది. నేను నా కుర్చీ ఆమెవైపు జరిపి, డ్రైవరు పక్కన చాప మీద చోటు చేసుకుని కూర్చున్నాను.

"ఇందాక ఆ పెద్దామె మొట్టమొదట ఏదో అని నవ్వింది చూడు," అన్నాను. "ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమ్మా. గట్టిగా చెప్పు, పక్కన ఉలి కొడతాండారు."